ఎడమవైపు తలుపు

మొదట అదేం కాదో చెప్తాను. అది ఎన్నికల ప్రచార రథం కాదు. చేపల బండి కాదు. రక్తదానం బండి కాదు, సర్కస్ వాళ్ళ సామాను బండి కాదు, బ్రాయిలర్ కోళ్ళ బండి అసలే కాదు. ఆ రోజు విజయవాడ భవానీపురం నుంచి హంసలదీవి దాకా దారిలో ఆపి అడిగినవాళ్ళందరికీ ఇదే వరసలో చెప్పుకుంటూ వెళ్ళాను. అంతా ఓపిగ్గా విని, "అది సరేనండీ, ఇంతకీ ఏ పార్టీ?" అన్నవాళ్ళూ ఉన్నారు.

అది ఇల్లు. జీపు వెనక తగిలించుకుని తీసుకుపోయే ఇల్లు. దాన్ని నేను కట్టాను.

పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పనికి చేరిన కొత్త అది. రెండువేల సంవత్సరం దాటింది. డ్రాయింగులు గీయడం, వడ్రంగులకూ వెల్డర్లకూ కొలతలివ్వడం నా ఉద్యోగం. ఆదివారాలు షెడ్డు ఖాళీగా ఉండేది. ఓనరు గారిని అడిగితే, "కరెంటు నాది వాడుకో, బుర్ర మాత్రం నీదే వాడుకో" అన్నారు. పాత జీపు ఇరుసు ఒకటి దొరికింది. దాని మీద ఇనప చానెళ్ళతో చాసిస్, యాంగిల్ ఫ్రేము, బయట అల్యూమినియం రేకు, లోపల ప్లైవుడ్. దోమతెరలున్న కిటికీలు, నీళ్ళ డ్రమ్ము, స్టవ్వు పెట్టుకునే గట్టు, రెండు వైపులా పడకలు. ఎడమవైపు వెడల్పాటి తలుపు. దాన్ని కిందికి దించితే నేలకు ఆనే ర్యాంపు అయిపోతుంది. వెనక మూల, పట్టుకోవడానికి పైపులు బిగించిన కమోడ్. ఈ చివరి రెండింటి కోసమే మిగతావన్నీ.

ఆ రెండూ మా అక్క కోసం.

అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోయాయి. ఇంట్లో చక్రాల కుర్చీలో తిరిగేది, వీధిలో పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పేది. ఆమె కుర్చీకి అడ్డమని నాన్న మా ఇంట్లో గడపలన్నీ తీయించేశారు. "గడప లేకపోతే లక్ష్మి నిలుస్తుందా అండీ?" అని అడిగినవాళ్ళకు ఆయన జవాబు చెప్పేవారు కాదు. థర్మల్ స్టేషన్లో ఫిట్టరుగా చేసి చేసి, మోతలో మాట్లాడటం దండగ అని నేర్చుకున్న మనిషి.

ఇంట్లో అక్క మహారాణి. గేటు దాటితే మాత్రం ఎవరో ఒకరు ఎత్తాలి. బస్సు ఎక్కాలంటే ఎత్తాలి. ఫంక్షన్ హాలు మెట్లకు ఎత్తాలి. చుట్టాలింటి అరుగుకు ఎత్తాలి. ఎత్తేవాళ్ళలో మొదటివాడు మావయ్య, అమ్మకు అన్న. చల్లపల్లిలో వ్యవసాయం. వడ్ల బస్తాను ఒంటి చేత్తో భుజానికి ఎక్కించుకునే రకం. అక్కంటే ప్రాణం. "నేనుండగా దీనికి కుర్చీ ఎందుకే చెల్లాయ్!" అని అమ్మతో గొప్పగా అనేవాడు.

ఆయన కూతురి పెళ్ళిలో, అక్షింతలు వేయించడానికని అక్కను రెండు చేతుల మీద ఎత్తుకుని హాలు ఈ చివర నుంచి స్టేజీ దాకా నడిచాడు. జనం పక్కకు తప్పుకున్నారు. వీడియో అతను పెళ్ళికూతుర్ని వదిలేసి లైటు ఇటు తిప్పాడు. చీర పైకి లేచి కాళ్ళకు ఊతంగా కట్టిన ఇనప పట్టీలు కనపడుతుంటే అక్క ఒక చేత్తో మావయ్య మెడ, ఒక చేత్తో చీర అంచు పట్టుకుంది. ఆ తర్వాత ఆ క్యాసెట్ మా ఇంట్లో పెట్టినప్పుడల్లా అక్కకు వంటింట్లో ఏదో పని గుర్తుకొచ్చేది. ఇంకొకటి కూడా ఉంది. ప్రయాణమంటే ముందురోజు సాయంత్రం నుంచే ఆమె మంచినీళ్ళు మానేసేది. తను వెళ్ళగలిగిన బాత్రూమ్ దారిలో ఎక్కడా ఉండదు కాబట్టి.

పెళ్ళి నుంచి వచ్చిన రోజే చెప్పింది. "నేనిక ఎక్కడికీ రాను. నన్ను ఎవరూ ఎత్తొద్దు."

అలాగే ఉండిపోయింది. మాఘ పౌర్ణమికి మేమంతా హంసలదీవి వెళ్ళి సముద్రస్నానం చేసొచ్చాం. అమ్మ ఒక సీసాలో సముద్రపు నీళ్ళు పట్టి తెచ్చి అక్క తల మీద చల్లబోయింది. అక్క సీసా తీసుకుని వెలుతురుకు ఎత్తి చూసింది. "సముద్రం ఇదేనా? మన బోరు నీళ్ళలాగే ఉందే" అంది. నవ్వుతూనే అంది. నేను మరుసటి ఆదివారం షెడ్డుకు వెళ్ళి మొదటి చానెల్ కోశాను.

ఎందుకు ఇంత హడావుడి, కారు మాట్లాడుకుని పోతే పోలేదా అని చాలామంది అన్నారు. కారులోకి ఎత్తాలి. లాడ్జిలోకి ఎత్తాలి. లాడ్జి బాత్రూమ్ తలుపులో కుర్చీ పట్టదు. ఇవన్నీ నేను వాళ్ళకు విడివిడిగా చెప్పలేదు. "అవునండీ, హడావుడే" అని వెల్డింగు అద్దాలు పెట్టుకునేవాణ్ణి.

షెడ్డులో మాటలు వేరే రకం. లారీ బాడీ పక్కల పలకలను మేకులతో బిగించరు. సరుకును బట్టి తీసిపెట్టుకునేలా గాడిలోకి జారుస్తారు. ఆ అలవాటు కొద్దీ నేను పడకల పలకల్ని కూడా గాడిలోనే జార్చాను. అది చూసి వడ్రంగి, "ఏంటి బాబూ, పందిరిమంచం చేస్తారనుకుంటే లారీ తొట్టి చేశారే! మీ అక్కగారు పడుకుంటారా, ఇసక తోలతారా?" అన్నాడు. పెయింటరుకైతే ఒకటే బెంగ. షెడ్డు దాటే ఏ బండైనా వెనక ఏదో ఒకటి రాయించుకోకుండా పోకూడదు. ఇంటికెళ్ళి అక్కనడిగాను. ఆలోచించకుండా చెప్పింది. ఎర్ర రంగుతో, నల్ల నీడతో, అందంగా రాసిచ్చాడు: "తగినంత దూరంలో ఉండవలెను."

బయల్దేరిన పొద్దున అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఓనరు గారు ఇచ్చిన జీపులో నాన్న స్టీరింగ్ దగ్గర, నేను పక్కన, అక్కా అమ్మా వెనక బండిలో. కదిలే ట్రెయిలర్‌లో మనుషులు కూర్చోకూడదని నాకు తెలుసు. పెళ్ళివారంతా ట్రాక్టరు ట్రక్కులో నిలబడి ఊళ్ళు దాటే జిల్లాలో, కుర్చీని నాలుగు వైపులా బెల్టులతో బిగించిన నేను ఆ రూలు తలుచుకుని సిగ్గుపడలేదు. లోపల్నుంచి జీపులోకి ఒక బజరు తీగ లాగాను. ఒకసారి మోగితే ఆపాలి. రెండుసార్లు మోగితే నెమ్మదిగా పోవాలి. మూడుసార్లకు అర్థం పెట్టలేదు. యనమలకుదురు దాటి కృష్ణా నది కరకట్ట ఎక్కేలోపే అక్క మూడుసార్లు మోగించింది. దిగి వెళ్ళి ఏమిటని అడిగితే, "ఏం లేదు. పనిచేస్తుందో లేదో చూశా" అంది. చేతిలో మంచినీళ్ళ సీసా ఉంది. సగం ఖాళీ అయింది. అది చూసి, వెళ్ళి జీపెక్కాను.

కరకట్ట మీద మాకు కుడివైపు కృష్ణ, ఎడమవైపు పసుపు తోటలు, అరటి తోటలు, చెరకు. తోట్లవల్లూరు దాటాక ఒక ఊళ్ళోకి దిగే దారి మొదట్లో టీ కొట్టు కనపడింది. బజరు ఒకసారి మోగింది. నాన్న రోడ్డుకు ఎడమ పక్కకు తీసి ఆపారు. నేను దిగి, తలుపు గడియలు తీసి, ర్యాంపు దించాను.

అది నేలకు ఆనలేదు.

బస్సులకు తలుపు ఎడమవైపే ఉంటుంది. లారీలో క్లీనరు ఎక్కిదిగేదీ ఎడమవైపే. నేనూ ఏమీ ఆలోచించకుండా ఎడమవైపే గీశాను. కానీ కరకట్ట మీద ఎడమ పక్కకు తీసి ఆపితే తలుపు కింద ఉండేది నేల కాదు, కట్ట వాలు. ర్యాంపు గాల్లో వేలాడుతోంది. కింద ఎక్కడో అరటి ఆకులు కనపడుతున్నాయి. డ్రాయింగులో రోడ్డు చదునుగా ఉంది. మా జిల్లాలో సగం రోడ్లు కట్టల మీద ఉంటాయని డ్రాయింగుకు తెలియదు.

తలుపులో అక్క కనపడింది. కిందికి చూసింది, నన్ను చూసింది.

"ఇంజనీరు గారూ, నేను దిగాలా, దూకాలా?"

టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నవాళ్ళు లేచారు. ఇద్దరు అప్పుడే చేతులు దులుపుకుంటూ వచ్చారు. "ఎందుకు బాబూ తిప్పలు, తలా ఒక చెయ్యేస్తే అయిపోద్ది!"

"వద్దండీ" అన్నాను.

"మొహమాటం దేనికండీ, మా ఇంటాడపడుచు లాంటిది."

"మొహమాటం కాదండీ. వద్దు."

నాన్న అప్పటిదాకా దిగలేదు. కట్ట మీద వెనకకు ఒకసారి చూశారు, ముందుకు ఒకసారి చూశారు. "ర్యాంపు ఎత్తు" అన్నారు. ఊళ్ళోకి దిగే మలుపు దగ్గర జీపునూ బండినీ మొత్తంగా తిప్పి, విజయవాడ వైపు మొహం పెట్టి, మళ్ళీ ఆ టీ కొట్టు ముందే, అదే పక్కన తెచ్చి ఆపారు. ఇప్పుడు తలుపు రోడ్డు వైపుకొచ్చింది. ర్యాంపు దించితే తారు మీద చక్కగా ఆనింది. సగం రోడ్డు మూసుకుపోయింది. పైగా మేం రాంగ్ సైడులో ఉన్నాం.

"రాంగ్ సైడండోయ్!" అని మోటారు సైకిలు మీద ఒకాయన అరిచాడు. అవును, రాంగ్ సైడే.

చెరకు లోడుతో ఒక ట్రాక్టరు వచ్చింది. అప్పుడు అమ్మ, ఇంటికొచ్చిన పాలవాడితో కూడా గట్టిగా మాట్లాడని మా అమ్మ, దిగి రోడ్డు మధ్యకు పోయి చెయ్యెత్తి నిలబడింది. ట్రాక్టరు ఆగింది.

"ఏంటమ్మా ఇది? ఎంతసేపు?" అన్నాడు డ్రైవరు.

"దిగిందాకా" అంది అమ్మ.

అక్క తొందరపడలేదు. బ్రేకు తీసింది, రెండు చేతులతో చక్రాలను అదిమి పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతూ కిందికి వచ్చింది. తారు మీద ఒక చుట్టు తిరిగి టీ కొట్టు ముందు ఆగింది. ఆ వెనక ఇంకో ట్రాక్టరు, ఒక ఆర్డినరీ బస్సు చేరాయి. బస్సులోవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూశారు. చూడనీ అనుకున్నాను.

టీ కొట్టతను నన్నడిగాడు. "అమ్మాయి గారికి పంచదార ఎంతెయ్యమంటారు?"

"నాకు చెవులు బానే వినపడతాయి బాబాయ్" అంది అక్క. "కాస్త ఎక్కువెయ్యి. అల్లం ఉందా?"

ఆమె బయట కొట్టు దగ్గర టీ తాగడం నేను చూడటం అదే మొదలు. గ్లాసు పట్టుకుని కృష్ణ వైపు తిరిగి, మొత్తం తాగి, ఇంకో సగం అడిగింది.

చల్లపల్లి చేరేసరికి మావయ్య ఇంటి ముందు సిద్ధంగా ఉన్నాడు. పక్కన ఇద్దరు పాలేర్లు. అరుగుకు అయిదు మెట్లు. కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టడానికి ఏర్పాటు. చదునైన వీధి కాబట్టి ఈసారి ర్యాంపు బుద్ధిగా దిగింది. మావయ్య దాని మీద ఒక కాలేసి చేతులు చాచాడు.

"రా తల్లీ!"

"మీరే రండి మావయ్యా" అంది అక్క. "మా ఇల్లు మేం తెచ్చుకున్నాంగా. కాఫీ పెడుతున్నా."

మావయ్య చేతులు అలాగే ఉండిపోయాయి. వీధిలో అటూ ఇటూ చూశాడు. ఎదురింటివాళ్ళు వాకిట్లోకి వచ్చారు. "అదేంటే! నా గుమ్మం ముందు బండిలో తిని పోతారా? మేనకోడల్ని ఇంట్లోకి రానివ్వలేదని ఊరంతా అనుకోదూ?"

"ఊరిని కూడా రమ్మనండి. కాఫీ పొడి ఉంది."

ఆయనకు కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. చుట్టం గుమ్మం దాకా వచ్చి లోపలికి రాకపోవడం మా వైపు చిన్న సంగతి కాదు. అమ్మ కూడా, "అన్నయ్య మనసు కష్టపెట్టకే, ఒక్కసారికి..." అని మొదలుపెట్టింది. అక్క స్టవ్వు మీద పాలు చూసుకుంటోంది. ఒక్కసారికి ఒప్పుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. ఆ బండి మళ్ళీ రేకూ ప్లైవుడ్డూ అయిపోతుంది. నేను నోరు విప్పబోయాను. నాన్న నా మోచెయ్యి పట్టుకున్నారు. ఇది అక్క గొడవ, తననే పడనీ అన్నట్టు.

అత్తయ్య గొడవ తేల్చింది. పప్పు గిన్నె, చేపల పులుసు గిన్నె చంకలో పెట్టుకుని ర్యాంపు ఎక్కి వచ్చేసింది. "మెట్ల కంటే ఇదే నయం, మోకాళ్ళు నొయ్యట్లేదు. ఏమండీ, మీరు ఎదురింటాళ్ళను చూస్తా ఉండండి, మేం తింటాం."

మావయ్య చివరికి లోపలికి వచ్చాడు. పడక అంచున కూర్చుని, అక్క ఇచ్చిన కాఫీ తాగాడు. తాగి, గ్లాసు కింద పెట్టి, నాతో అన్నాడు. "ఇక్కడిదాకా సరేరా. సముద్రం దగ్గర ఇసక. ఇసకలో నీ చక్రాలేం తిరుగుతాయి? అక్కడ నేను లేకపోతే ఎట్టా జరుగుద్దో చూద్దాం." మోటారు సైకిలు తీసి మా వెనకే బయల్దేరాడు. అవనిగడ్డ, కోడూరు, హంసలదీవి గుడి, అన్నీ దాటేదాకా అద్దంలో కనపడుతూనే ఉన్నాడు. తగినంత దూరంలో లేడు.

ఆయన అన్నది అబద్ధం కాదు. గట్టి నేల అయిపోయిన చోట జీపు ఆపాం. ముందు ఇసక. ఆ చివర నీళ్ళ గీత, చప్పుడు. అక్క దిగింది. కుర్చీ ఇసకలోకి రాగానే ముందు చక్రాలు కూరుకుపోయాయి. చేతులతో నెట్టింది. వెనకవీ దిగబడ్డాయి. నేను వెనక నుంచి తోశాను, ఇంకా లోతుకు పోయింది. సముద్రం కనపడుతోంది, అంతే. సీసా కంటే కొంచెం నయం.

మావయ్య మోటారు సైకిలు స్టాండు వేశాడు. వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాడు. ఆయన గొంతులో ఇప్పుడు గెలిచిన సంబరం లేదు. మెల్లగా అన్నాడు. "రెండు నిమిషాల పని తల్లీ. ఎవరూ లేరుగా చూడ్డానికి."

అక్క ఆయన వైపు చూడలేదు. నీళ్ళ వైపే చూస్తోంది. "నాకు తొందరేం లేదు మావయ్యా."

తర్వాత తల తిప్పి నా వైపు చూసింది. "నీ మంచాలు ఊడొస్తాయన్నావు కదూ?"

నేను బండిలోకి పరిగెత్తాను. పరుపులు ఒక మూలకు విసిరేసి, పడక పలకల్ని గాడిలోంచి లాగాను. జారాయి, ఏ లారీ పలకైనా జారినట్టు. కుర్చీ వెడల్పుకు సరిపోయేలా రెండేసి పక్కపక్కన ఇసక మీద పరిచాం. నాన్నా నేనూ చక్రాల కింద ఇసక తవ్వి మొదటి జత జార్చాం. అక్క పలకల మీదికి ఎక్కింది. నడుపుకుంటూ చివరికి వచ్చింది. వెనకవి తీసి ముందు వేశాం. మళ్ళీ చివరికి వచ్చింది. మళ్ళీ వేశాం. మా పడకలే రోడ్డు.

మావయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అక్క ఆగింది.

"మీ చేతులు ఊరికే ఉండలేవని నాకు తెలుసు మావయ్యా. ఎత్తాలనుంటే ఆ పలక ఎత్తండి."

ఆయన పంచె పైకి దోపుకున్నాడు. నాన్నా నేనూ కలిసి మోస్తున్న పలకను ఒక్కడే లాక్కుని భుజానేసుకుని పోయి ముందు పడేశాడు. "వంకరగా ఏశావేంట్రా, నువ్వేం డిప్లొమా!" అని నన్ను తిడుతూ సరిచేశాడు.

వలలు ఆరేసుకుంటున్న జాలరి ఒకతను ఈ తతంగం చూస్తూ దగ్గరికి వచ్చాడు. "ఎందుకండీ ఇంత ఇది? ఎత్తుకుపోతే అయిపోద్ది కదా!"

నేను జవాబు చెప్పేలోపు మావయ్య అరిచాడు. "అది ఎత్తనివ్వదయ్యా! నీకెందుకు, ఇటొచ్చి పలక పట్టు!"

జాలరి పలక పట్టాడు.

తడి ఇసక గట్టిగా ఉంది. అక్కడ ఇక పలకలు అవసరం లేకపోయింది. అక్క ఒక్కతే ముందుకు పోయింది. మేమంతా వెనకే ఆగిపోయాం, ఎవరూ ఆగమని చెప్పకుండానే. అల వచ్చి కుర్చీ చక్రాలను సగం దాకా ముంచి, ఆమె పాదాల మీదుగా వెనక్కి పోయింది. చీర తడిసింది. ఆమె అంచు పట్టుకోలేదు. ఉప్పునీళ్ళు తగిలితే బేరింగులు తుప్పు పడతాయి. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

అమ్మ పక్కన నిలబడి మావయ్య భుజం రుద్దుకుంటున్నాడు. "బస్తా కంటే బరువున్నాయే చెల్లాయ్ ఆ పలకలు" అన్నాడు. నీళ్ళ వైపు తిరిగి, "పిల్ల బరువే లేదు" అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో తెలియదు.

తిరుగు ప్రయాణంలో కరకట్ట మీద మళ్ళీ అదే టీ కొట్టు, మళ్ళీ బజరు. ఇప్పుడు విజయవాడ వైపే పోతున్నాం కాబట్టి మా ఎడమ పక్కన కృష్ణ వైపు వాలు. నాన్న మళ్ళీ రాంగ్ సైడుకు పోయి ఆపారు. వచ్చే ఆదివారం షెడ్డులో కుడివైపు ఇంకో తలుపు కోస్తాను అని అక్కతో చెప్పాను. ఎక్కడ కోయాలో, ఏ యాంగిల్ మార్చాలో అప్పటికే లెక్క వేసుకున్నాను.

"అక్కర్లేదు" అంది అక్క, ర్యాంపు మీద బ్రేకు తీస్తూ.

రోడ్డు మధ్యలో అమ్మ అప్పటికే చెయ్యెత్తి నిలబడింది. ఈసారి ఆగింది బస్సు.